చీనా కవయిత్రి లీ చింగ్‌జావ్

చీనాదేశపు ప్రాచీనకవులన్నతోడనే చదువరులకు స్ఫురించు పేర్లు లీ బై, దూ ఫూ అనునవి. ఇరువురును ఎనిమిదవ శతాబ్దమువారు. వారి సరసను నిలువదగిన కవయిత్రి యొకతె కలదనియు, ఆమె గీతములను నేటికిని చీనా బాలబాలికలు పాఠశాలలలో చదువుచున్నారనియు మన సోదరీమణులలో నెఱిగినవారు కొలదిమందియే. ఆమె పేరు లీ చింగ్‌జావ్. చీనావారి యాచారమున ఇంటిపేరు ముందును, పెట్టినపేరు వెనుకను వచ్చును. మన తెలుగువారి పద్ధతియు నదియే గనుక మనకిందు తికమక లేదు. లీ యనునది పుట్టినింటి పేరు. పెండ్లియైన పిదపను చీనా స్త్రీ దానిని విడువదు.

ఈమె కీర్తి దాదాపు తొమ్మిదివందల యేండ్లుగా నిలిచియున్నది. కాని నిలిపినవారే దానిని తమకు నచ్చిన కొలతకు కత్తిరించుచు వచ్చిరి. ఒకరు ఆమెను విరహిణిగా జూపిరి; ఒకరు నిందించిరి; మఱియొకరు ఆమె జీవితములోని యొక యధ్యాయమునే తుడిచివేయజూచిరి. అదృష్టవశమున ఆమె తన కథను కొంత తానే వ్రాసికొనినది. ఈ వ్యాసమునకు ముఖ్యముగా నదియే యాధారము.

చింగ్‌జావ్ 1084 వ సంవత్సరమున, నేటి షాండాంగ్ రాష్ట్రములో జీనాన్ నగరమునకు సమీపమునగల జాంగ్‌చ్యూ ప్రాంతమున జన్మించెను. అది సోంగ్ రాజవంశపు కాలము. తండ్రి లీ గఫేయి పండితుడు, రాజోద్యోగి, ఆ యుగమునకెల్ల పెద్దయగు సూ షీ మహాకవి శిష్యవర్గమునకు జేరినవాడు. తల్లియు విద్యావతియే. స్త్రీలకు బడి లేని కాలమున ఆ బాలిక తండ్రి పుస్తకముల నడుమ పెరిగి, పెండ్లికి ముందే పద్యరచనయందు పేరు సంపాదించుకొనెను. 1101 లో, వారి లెక్కను పదునెనిమిదవ యేట, ఆమెకు జావ్ మింగ్‌చెంగ్ అను యువకునితో వివాహమయ్యెను. వరుడు రాజధానియగు కైఫెంగ్ నగరములోని రాజవిద్యాలయమున విద్యార్థి. వయస్సు ఇరువదియొకటి.

ఇతనికొక వ్యసనముండెను. పేకాట కాదు, త్రాగుడు కాదు, పాతశాసనములు. కంచుపాత్రలమీదను, శిలలమీదను చెక్కిన పురాతనలేఖనములను సేకరించుటయందు ఇతనికి చిన్ననాటినుండియు పిచ్చి. శాసనముపై తడికాగితము నద్ది, పైన సిరా పూసి తీసిన నకళ్లు ఆ నగరములో అమ్మకమునకు వచ్చుచుండెడివి. మామగారు పెద్ద యుద్యోగియైనను కుమారుని చేతిలో డబ్బు తక్కువ. నెలకు రెండుమారులు, పాడ్యమినాడును పున్నమనాడును, విద్యాలయమునుండి సెలవు దొరకగానే అతడు బట్టలను కుదువబెట్టి కొన్ని కాసులు తెచ్చుకొని, షియాంగ్‌గువో దేవాలయపు సంతకు బోయి శాసనపు నకళ్లను, కొన్ని పండ్లను కొని యింటికి వచ్చెడివాడు. దంపతులిద్దఱును ఎదురెదురుగా గూర్చుండి, పండ్లు తినుచు, ఆ నకళ్లను విప్పి చదువుకొనుచుండిరట. ఒకనాడు ఎవరో షూ షీ యను పూర్వచిత్రకారుని పియోనీపూల చిత్రమును తెచ్చి రెండులక్షల కాసులు వెల చెప్పిరి. రెండు రాత్రులు దానిని ఇంట నుంచుకొని చూచుకొనిరి. అంత సొమ్ము పుట్టించుట సాధ్యము గాక తిరిగి యిచ్చివేసిరి. ఆ పిమ్మట పలుదినములు మొగమొగములు చూచుకొని నిట్టూర్చితిమని ఆమె వ్రాసినది.

ఇంతలో రాజకీయము ఇంటిలోనికి వచ్చెను. 1102 లో అధికారమునకు వచ్చిన పక్షమువారు ప్రతిపక్షపు పండితుల పేర్ల పట్టికను సిద్ధపఱచి ఉద్యోగములనుండి తొలగించిరి. ఆ పట్టికలో చింగ్‌జావ్ తండ్రి పేరుండెను. మామగారు జావ్ తింగ్‌జీ అధికారపక్షమువాడు. దినదినము పైకి వచ్చుచుండినవాడు. పుట్టినింటికిని మెట్టినింటికిని నడుమ జిక్కిన కోడలు మామగారికి పద్యరూపమున విన్నపము వ్రాసి తండ్రిని రక్షింపుమని వేడెను. ఫలము కలుగలేదు. కాలచక్రము తిరిగి 1107 లో మామగారును పదవి పోగొట్టుకొని కొలదిదినములలో మరణించెను. అపుడు దంపతులు కైఫెంగ్ విడిచి, చింగ్‌జౌ చేరి, అచట పది సంవత్సరములకు పైగా కాపురముండిరి.

ఆమె జీవితములో సుఖమన్నది కలదేని అది యీ యేండ్లలోనే. రాత్రి భోజనమైన పిమ్మట టీ కాచి, పేర్చిన పుస్తకముల గుట్టలను చూపి, ఫలానా విషయము ఏ గ్రంథమున, ఏ సంపుటమున, ఏ పుటలో, ఎన్నవ పంక్తిలో నున్నదో చెప్పుడని పందెము వేసికొనుట వారి వినోదము. గెలిచినవారు ముందు టీ త్రాగవలెను. చింగ్‌జావ్ జ్ఞాపకశక్తి గొప్పది; తఱుచు ఆమెయే గెలుచుచుండెను. గెలిచి పకపక నవ్వుటలో గిన్నె యొడిలో నొలికి, త్రాగుటకేమియు మిగులకుండెడిదట.

గ్రంథములు పెరిగినకొలది ఈ యాట తీరు మాఱినది. ఇది చదువరులు సామాన్యముగా గమనింపని సంగతి. మింగ్‌చెంగ్ పుస్తకములకు ప్రత్యేకముగా నొక గ్రంథాలయమును కట్టించి, బీరువాలకు తాళములు వేసి, పట్టిక వ్రాసి పెట్టెను. ఆమెకు చదువుకొన వలయునన్న తాళపుచెవులడిగి, పుస్తకములో గుర్తు వేయించుకొని తీసికొనవలెను. పుటకు మరక యంటినచో దిద్దువఱకు మందలింపు. సుఖమును గోరి చేసినపని ఆందోళనమును దెచ్చెనని ఆమెయే చెప్పినది. ఇది తాళలేక ఆమె యేమి చేసెను? భోజనమున రెండవ మాంసపుకూరను మానెను. రంగుల పట్టుబట్టలలో రెండవదానిని మానెను. తలలో ముత్యములు, రత్నములు లేవు. ఇంటిలో కుట్టుపని గల తెఱలు, బంగారుపూత గల సామానులు లేవు. అట్లు మిగిల్చిన సొమ్ముతో, మరక పడినను భయము లేకుండ చదువుకొనుటకు, తప్పులులేని పుస్తకములకు రెండవ ప్రతిని కొనుచుండెను. ఈ దంపతులను ఆదర్శదంపతులని యెల్లరును పొగడుదురు. ప్రేమ యుండుట నిజమే. ఈ తాళపుచెవుల మాటయు నిజమే. భర్త మరణించిన తరువాత, శోకముతో వ్రాసిన రచనలోనే ఆమె దీనిని గూడ దాచక వ్రాసినది.

ఇక ఆమె కవిత్వము. మన పాటల పుస్తకములలో పల్లవికి పైన ‘ఫలానా పాట మెట్టు’ అని యచ్చువేయుట కలదు గదా! చీనాలో ‘త్స’ యను గీతరూపము సరిగా నట్టిదే. వరుస ముందుగనే యుండును. ఏ పంక్తికెన్ని యక్షరములో, ఏ చోట ఏ స్వరముగల మాట పడవలెనో నిర్ణయమై యుండును. కవి ఆ మెట్టులో క్రొత్త మాటలను గూర్చవలెను. విందులలో పాడుటకై పుట్టిన పాటలగుటచే వీనిలో విరహిణియగు స్త్రీ పలుకుట పరిపాటి. వ్రాయువారు మాత్రము పురుషులు. స్త్రీ గొంతుకను అరువు దెచ్చుకొని పాడుచుండిరి. చింగ్‌జావ్‌కు అరువు దెచ్చుకొన నవసరము లేకపోయెను. ఆమె మాటలు వాడుకభాషకు దగ్గఱగా నుండును. అలంకారములు తక్కువ. తడిసిన పూవో, చల్లబడిన ధూపమో, మూసిన తెఱయో ఒకటి చూపి ఊరకుండును. వార్ధక్యపు గీతములలో ప్రసిద్ధమైన దొకటి ఏడు మాటలను ఒక్కొక్కటి రెండేసిమార్లు పలికి ఆరంభించును. చదువునపుడు పండ్లమధ్య గాలి చప్పుడు వినబడును. అట్టి సాహసమును అంతకుముందెవరును చేయలేదని ప్రాచీనవిమర్శకులే యచ్చెరువందిరి.

పురుషులు వ్రాసిన స్త్రీవాక్యములను కవిచమత్కారమని మెచ్చుకొనిన లోకము, ఆమె వ్రాసిన ప్రతి గీతమును ఆమె దినచర్యగా నెంచెను. విరహమును పాడినచో భర్త ఊరలేడనియు, మద్యమును బాడినచో ఆనాడామె త్రాగెననియు లెక్కలు వేసిరి. ఈ యుత్సాహమునుండియే ఒక ముచ్చటైన కథ పుట్టినది. భర్త పరదేశముననుండగా ఆమె చేమంతుల పండుగనాడొక గీతము వ్రాసి పంపెననియు, అతడు పౌరుషముతో మూడు దినములు తలుపు మూసికొని యేబది గీతములు వ్రాసి, ఆమె పంక్తులను నడుమ గలిపి మిత్రునకు జూపెననియు, మిత్రుడు బాగుగ చదివి మూడు పంక్తులే బాగున్నవనగా అవి ఆమెవే యైనవనియు ఆ కథ. దీనికి నమ్మదగిన యాధారము లేదు. ఆమె నిజముగా పురుషకవులతో పోటీపడిన విధము వేఱు. గీతరచనను గూర్చి ఆమె వ్రాసిన విమర్శవ్యాసమొకటి నిలిచియున్నది. అందు ల్యూ యోంగ్ భాష నీచమనియు, తండ్రికి గురువైన సూ షీ విద్యాసముద్రుడే యైనను అతని గీతములు మెట్టునకు పొసగవనియు, పాటయన్నది పద్యమునకంటె వేఱైన కళయనియు నిర్భయముగా వ్రాసినది. తరువాతి విమర్శకుడొకడు కోపించి, ఇట్టివారు మహావృక్షమును కదల్పజూచు చీమలవంటివారని పరిహసించెను.

1121 తరువాత మింగ్‌చెంగ్ మఱల ఉద్యోగములో జేరి, మండలాధికారిగా నుండెను. 1126 లో ఉత్తరమునుండి జుర్చెన్ జాతివారి సేనలు కైఫెంగ్‌ను చుట్టుముట్టినవను వార్త వచ్చెను. ఇంటినిండ పుస్తకములు, పెట్టెలనిండ కంచుపాత్రలు; ఇవి యిక మావి కావని అపుడే తెలిసెనని ఆమె వ్రాసినది. మఱుసటి సంవత్సరము రాజధాని కూలెను. పెద్దచక్రవర్తియు చిన్నచక్రవర్తియు బందీలైరి. తల్లి యుత్తరక్రియలకై మింగ్‌చెంగ్ దక్షిణమునకు బోయియుండగా, ఏవి వెంట దెచ్చుట, ఏవి విడుచుట యన్న చిక్కు పుట్టెను. ముందు బరువైన గ్రంథములు, పిదప ఒకే చిత్రముయొక్క మాఱుప్రతులు, ఆపైన శాసనములు లేని పాత్రలు, ఇట్లు ఏఱి ఏఱి విడువగా మిగిలినవి పదునైదు బండ్లకు వచ్చెను. చింగ్‌జౌలో తాళములు వేసి విడిచిన పది గదులకు పైబడిన సంపద ఆ యేటి చివరను కాలి బూడిదయ్యెను.

1129 వేసవిలో మింగ్‌చెంగ్‌కు రాజుగారి పిలుపు వచ్చెను. అతడు నావ దిగి గట్టుపై గూర్చుండి సెలవు పుచ్చుకొనుచుండగా ఆమెకు మనసు బాగులేక, ఊరికి ఆపద వచ్చినచో నేమి చేయవలెనని కేక వేసి యడిగెను. అతడు చేయి యెత్తి దూరమునుండియే బదులు చెప్పెను: అందఱితోపాటు పొమ్ము, తప్పనిచో ముందు సామానులను, తరువాత బట్టలను, తరువాత గ్రంథములను, తరువాత పాత్రలను విడువుము, పూజాపాత్రలను మాత్రము చేతబట్టుకొని, వానితోడనే జీవింపుము, వానితోడనే మరణింపుము. ఇట్లు చెప్పి గుఱ్ఱమెక్కి పోయెను. ఈ యాజ్ఞను వినినపుడెల్ల మన కొక ప్రశ్న పుట్టకమానదు: వస్తువుల కింత చక్కని వరుస చెప్పినవాడు భార్యను ఏ వరుసలో నుంచెను? ఆమె యా ప్రశ్న వేయలేదు. అతడు చెప్పినది చెప్పినట్లు వ్రాసి ఊరకున్నది.

ఎండలో ప్రయాణముచే అతనికి జ్వరము తగిలెను. వార్త విని ఆమె ఒక్క రేయింబగలులో నూఱుమైళ్లకు దగ్గఱగు దూరము నావలో వచ్చి చూచునప్పటికి రోగము ముదిరియుండెను. ఆ యెనిమిదవ నెలలో అతడు కలము దెప్పించుకొని యొక పద్యము వ్రాసి కన్నుమూసెను. ఆస్తిని గూర్చిన మాట యొకటియు చెప్పలేదు.

అప్పటికామెకు నలువదియాఱవ యేడు. బిడ్డలు లేరు. శత్రుసేనలు నది దాటి వచ్చుచుండెను. మిగిలిన ఇరువదివేల గ్రంథసంపుటములను, రెండువేల శాసనపు నకళ్లను బంధువుల యొద్దకు హోంగ్‌జౌకు పంపగా ఆ పట్టణమును శత్రువుల పాలయ్యెను. భర్త శత్రువులకు పాత్ర నొకదానిని కానుకగా నిచ్చెనన్న నింద పుట్టుటచే, అన్ని కంచుపాత్రలను రాజునకే సమర్పింతునని తలచి, సముద్రతీరము వెంబడి పాఱిపోవుచున్న రాజపరివారమును ఊరినుండి యూరికి వెంబడించెను. ఎచటను అందలేదు. తుదకు షావ్‌షింగ్‌లో ఒకరి యింట నుండగా, మంచముక్రింద దాచిన పెట్టెలలో అయిదింటిని దొంగలు గోడకు కన్నము వేసి యెత్తుకొనిపోయిరి. బహుమానము ప్రకటింపగా రెండు దినములలో పొరుగువాడే పదునెనిమిది చుట్టలు తెచ్చి బహుమానమడిగెను. దొంగ యెంత దూరమున నున్నాడో అపుడు తెలిసెనట.

ఇట్టి స్థితిలో, 1132 లో, హాంగ్‌జౌలో రోగముతో ప్రాణముమీదికి వచ్చియున్న సమయమున, జాంగ్ రూజౌ అను నొక యుద్యోగి ఆమెను వివాహమాడెను. మిగిలిన సొత్తు మీద వాని కన్ను. అది చేతికి రాకపోగా కొట్టుచుండెను. ఇట్టి సందర్భములో ఆ కాలపు కులస్త్రీ యేమి చేయును? భరించును. ఈమె భరింపలేదు. పరీక్షలకు ఎక్కువసార్లు పోయినవారికి ఉద్యోగములో రాయితీ యుండెడిది. జాంగ్ ఆ లెక్కను అబద్ధముగా పెంచి పదవి పొందెనని ఆమె రాజసభలో ఫిర్యాదు చేసెను. అయితే భర్తపై నేరము మోపిన భార్యకు, ఆ నేరము నిజమని తేలినను, రెండేండ్ల చెఱ విధించుట ఆనాటి చట్టము. అది యెఱిగియే చేసెను. విచారణలో నేరము రుజువై జాంగ్ పదవి పోగొట్టుకొని దూరప్రాంతమునకు పంపబడెను. ఆమె చెఱసాలలో తొమ్మిది దినములుండెను. మొదటి భర్త బంధువగు చీ చోంగ్‌లి యను ప్రముఖుని పూనికతో విడుదల గలిగెను. అతనికి వ్రాసిన కృతజ్ఞతాలేఖలో తాను నగుబాటు పాలైతిననియు, లోకుల నోళ్లు మూయించుట తన వశము గాదనియు ఆమె చెప్పుకొనెను. వివాహము నూఱు దినములైనను నిలువలేదు.

ఇంతటితో ఆమె క్రుంగియుండునని తలచువారు పొరపడుదురు. మఱుసటి యేడే శత్రుదేశమునకు బోవు రాయబారులకు పద్యములు వ్రాసి, వెఱపులేక దేశకార్యమును గూర్చి బోధించెను. 1134 లో ‘గుఱ్ఱములను కొట్టుట’ యను పావులయాటను గూర్చి యొక చిన్నగ్రంథము వ్రాసినది. పందెపుటాటలన్న తనకు తిండి నిద్ర యక్కఱలేదనియు, తానెపుడును గెలుచుచుందుననియు అందు సరదాగా చెప్పుకొన్నది. ఈ సంవత్సరముల ప్రాంతముననే భర్త రచించిన ‘జిన్ షీ లూ’, అనగా లోహశిలాలేఖనముల పట్టికకు, చివరిమాట వ్రాసెను. ముప్పది ప్రకరణముల గ్రంథమది. రెండువేల శాసనముల వివరము గలది. పుటలు తిరుగవేయగా భర్త చేవ్రాత క్రొత్తగానే యున్నది, అతని సమాధిపై చెట్లు మాత్రము లావెక్కినవి. పండ్లు, టీ, తాళపుచెవులు, బండ్లు, కన్నము వేసిన గోడ, నేను పైన జెప్పినవన్నియు చాలవఱకు ఆ చివరిమాటలోనివే. ఆమె 1155 ప్రాంతమున మరణించెనని పండితుల యూహ.

వార్ధక్యములో నొక సంఘటన జరిగినది. సున్ వారి యింటి బాలిక, పదేండ్లకు కొంచెము పైబడినది, మిగుల తెలివిగలది. చింగ్‌జావ్ ఆమెకు తన విద్య నేర్పుదునని కోరగా, కవిత్వము స్త్రీల పని కాదని ఆ బాలిక నిరాకరించెనట. ఈ సంగతిని ఆ బాలిక పెద్దదై మరణించినపుడు, 1193 లో, సమాధిశాసనము వ్రాసిన లూ యూ మహాకవి మెచ్చుకోలుగా చెక్కించెను. ఆ మెచ్చుకోలులో ఆమె పేరు లేదు. సున్ వారి యాడపడుచు అని మాత్రమే యున్నది. విద్యను ఇత్తునన్న ముసలామె పేరు లోకమెఱుగును.

ఆమె బ్రతికియుండగనే, 1149 లో, వాంగ్ జువో యను విమర్శకుడు ఆమె ప్రతిభను పొగడుచునే, ఇంతటి సిగ్గులేని మాటలు వ్రాసిన కులస్త్రీ పూర్వము లేదని తిట్టెను. రెండవ పెండ్లిని, తగవును ఎత్తిచూపెను. కొన్ని శతాబ్దములు గడచునప్పటికి ఆమె కీర్తి యెంత పెరిగెననగా, అంతటి కవయిత్రి మారుమనువు చేసికొనియుండదని కొందఱు వాదింపసాగిరి. యూ జెంగ్‌షియే (1775–1840) అను పండితుడు, ఆ లేఖ శత్రువులు మార్చి వ్రాసినదని పెద్ద వ్యాసము వ్రాసెను. విచిత్రమేమన, ఇతడు స్త్రీల పాదములను కట్టివేయుటను ఖండించినవాడు, వితంతువుల పునర్వివాహమును దూషింపరాదన్నవాడు! సిద్ధాంతమున నొప్పుకొన్నదానిని తన యభిమాన కవయిత్రి విషయమున నొప్పుకొనుటకు మనసు రాలేదు. ఇరువదవ శతాబ్దపు రెండవభాగమున పండితులు పాత పత్రములను మఱల పరిశీలించి, వివాహమును విడాకులును నిజమేయని చాలవఱకు నిర్ణయించిరి.

ఆమె గీతసంపుటము పూర్వమే నశించినది. ఇతరులు చేసిన సంకలనములలో నిలిచినవి, సందేహము గలవానితో గూడ, ఏబది యఱువది మాత్రమే. 1146 లో కూర్చిన యొక సంకలనమున ఇరువదిమూడు గలవు. అన్నిటిలో నమ్మదగినవి యవియే. నేడు జీనాన్ నగరములో బావ్‌తూ ఊటలచెంత ఆమె స్మారకమందిరము గలదు. 1976 లో అంతర్జాతీయ ఖగోళశాస్త్రజ్ఞుల సంఘము బుధగ్రహముపైనున్న యొక గోతికి ఆమె పేరు పెట్టినది.

భర్త గ్రంథము సంగతి యొకటి మిగిలినది. పన్నెండవ శతాబ్దమున లోంగ్‌షూ పట్టణములో ఆ శాసనముల పట్టికను అచ్చువేసినవారు, ఆమె వ్రాసిన చివరిమాటను వదలివేసిరి. హోంగ్ మై అను పండితుడు (1123–1202) దాని మూలప్రతిని ఒక మిత్రుని యింట జూచి, జాలిపడి, సారాంశమును తన పుస్తకమున వ్రాసి యుంచెను. 1205 లో గ్రంథమును మఱల అచ్చువేసినపుడు ఆ చివరిమాటను చేర్చిరి. శాసనపు నకళ్లు, కంచుపాత్రలు దాదాపు అన్నియు పోయినవి. చీనా వచనమును చదువుకొనువారు ఆ పుటలను నేటికిని చదువుచున్నారు.